చిట్టాకెక్కని ఆస్తి

ఒక వ్యాపారం విలువ ఎంతో తెలుసుకోవాలంటే ఏం చూడాలి? ఎవర్నడిగినా టక్కున చెప్పే జవాబు ఒకటే... లెక్కల పుస్తకం చూడాలని. అందులో స్థలం ఉంటుంది, షెడ్డు ఉంటుంది, మిషన్లు, సరుకు, బ్యాంకు నిల్వ, రావలసిన బాకీలు అన్నీ ఉంటాయి. కానీ ఆ సంస్థను నిలబెట్టిన మనిషి చెయ్యి ఉండదు. ఏ సరుకు ఏ నెలలో ఎక్కడ కొనాలో తెలిసిన బుర్ర ఉండదు. 'కొంటే వాళ్ల దగ్గరే కొంటాం' అనే వాడుకదారుల నమ్మకం ఉండదు. పచ్చడి పట్టే గ్రైండరుకు వెల ఉంది గానీ, ఎంత కారానికి ఎంత ఆవపిండి పడాలో తెలిసిన తలకు వెల లేదు!

ఇరవై ఏళ్లుగా చిన్న చిన్న సంస్థలకు పద్దులు రాసిపెట్టడం నా పని. టైలరింగ్ సెంటర్లు, ట్యూషన్ సెంటర్లు, పచ్చళ్లు పొడుల యూనిట్లు, బ్యూటీపార్లర్లు... ఎక్కువగా ఆడవాళ్లు నడిపేవే. వీళ్లందరి పుస్తకాల్లోనూ నేను చూసేది ఒక్కటే. ఆస్తుల వైపు నాలుగు పంక్తులు దాటవు. అసలు ఆస్తంతా రాయని చోట ఉంటుంది.

ఈ రాయని ఆస్తికి పెద్ద కంపెనీల వాళ్లు ఒక పేరు పెట్టుకున్నారు. 'మేధో మూలధనం' అంటారు. దాన్ని కొలిచి, నలుగురికీ చెప్పుకుని, దాంతోనే పోటీలో ముందుకెళ్తున్నారు. మరి మనమో? 'మాకేముందండీ, ఏదో నాలుగు రాళ్లు వస్తున్నాయి' అని మన నోటితో మనమే తీసిపారేస్తున్నాం.

ఇల్లెవరి పేరునుంది?

2019లో ఒక పచ్చళ్ల యూనిట్ నడిపే ఆవిడకు బ్యాంకు కాగితాలు తయారుచేసిచ్చాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆవిడ దగ్గర తొమ్మిది మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. మామిడికాయ సీజన్లో ఇంకో అయిదారుగురు కలుస్తారు. పదకొండేళ్ల వ్యాపారం. ఏటా తప్పకుండా కొనే ఇళ్లే నాలుగొందలకు పైన. యూనిట్ పెంచుకోడానికి పదిహేను లక్షలు అప్పు అడిగారు.

మేనేజరు గారు మర్యాదగానే మాట్లాడారు. "హామీగా ఏం పెడతారమ్మా?" అన్నారు. ఇల్లు భర్త పేరుమీద ఉంది. పొలం మామగారి పేరుమీద ఉంది. ఆవిడ పేరుమీద ఉన్నవి రెండు గ్రైండర్లు, ఒక సీలింగ్ మిషను, కాటాలు, జాడీలు, డ్రమ్ములు. తరుగుదల పోను అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు. పదకొండేళ్ల కష్టం కాగితం మీద అంతే!

సరిగ్గా ఆ ఏడాదే ఆవిడకు ఇంకో దెబ్బ తగిలింది. మొదట్నుంచీ పాళ్లు చూసే పెద్దావిడ కూతురికి పురుడు పోయడానికి హైదరాబాదు వెళ్లి, అక్కడే ఉండిపోయారు. ఆవిడ కొలతలన్నీ చేత్తోనే. 'గుప్పెడు', 'చారెడు', 'చూస్తే తెలిసిపోద్ది' అనేవారు. మూడోరోజు తిరగగలిపేటప్పుడు రంగు చూసి నూనె పోసేవారు. ఆవిడ వెళ్లాక పట్టిన గోంగూర రెండు నెలలకే పైన తెల్లగా బూజు కట్టింది. నూట ఇరవై కిలోలు పారబోశారు. గ్రైండరు పాడైతే మెకానిక్కును పిలుస్తాం. పాళ్లు తెలిసిన మనిషి వెళ్లిపోతే ఎవర్ని పిలుస్తాం?

ఇదే మేధో మూలధనం అంటే. ఉన్నన్నాళ్లూ కనపడదు. పోయినప్పుడు కళ్లముందు పారబోసుకుంటాం.

మూడు అరల పెట్టె

ఈ మాట వినగానే భయపడక్కర్లేదు. దీన్ని మూడు అరలుగా చూస్తే ఇట్టే అర్థమవుతుంది.

మొదటి అర మనుషులది. వాళ్ల నేర్పు, అనుభవం, తెలివితేటలు. సాయంత్రం ఆరింటికి ఇది చెప్పులేసుకుని ఇంటికెళ్లిపోతుంది. రేపు వస్తుందో రాదో దానిష్టం.

రెండో అర సంస్థది. అందరూ ఇంటికెళ్లాక కూడా అక్కడే మిగిలేది. రాసిపెట్టుకున్న కొలతలు, పని జరిగే పద్ధతి, ఖాతాలు, రిజిస్టర్ చేయించిన పేరు, కంప్యూటర్లో దాచిన వివరాలు.

మూడో అర సంబంధాలది. వాడుకదారుల నమ్మకం, సరుకు ఇచ్చే వర్తకుడితో మాటమర్యాద, ఊళ్లో మంచిపేరు.

ఆ పెద్దావిడ చేతి పాళ్లు మొదటి అరలో ఉన్నాయి. రెండో అరలోకి రాకముందే వెళ్లిపోయాయి. నాలుగొందల ఇళ్ల నమ్మకం మూడో అరలో ఉంది. బూజు పట్టిన గోంగూర ఇంకొక్క నెల అమ్మి ఉంటే అదీ పోయేది. మూడు అరలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయన్నమాట!

స్వీడన్‌లో మొదలైంది

మనిషి బుర్రలోని దాన్ని కంపెనీ నివేదికలోకి ఎక్కించే ప్రయత్నం పెద్దయెత్తున చేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది స్వీడన్‌లోని స్కాండియా అనే బీమా కంపెనీని. 1991లో ఆ కంపెనీ లీఫ్ ఎడ్విన్‌సన్ అనే ఆయన్ని ప్రత్యేకంగా ఈ పని కోసమే నియమించింది. 1994లో వార్షిక నివేదికకు అనుబంధంగా తమ మేధో మూలధనం గురించి ఒక చిన్న పుస్తకమే వేసింది. ఆయన చెప్పే పోలిక మనకు సులువుగా ఎక్కుతుంది. కంపెనీ ఒక చెట్టు. లెక్కల పుస్తకంలో కనపడేవి కాయలు. ఈ ఏడు కాపు బాగుందని మురిసిపోతాం. వచ్చే ఏడు కాస్తుందో లేదో తెలియాలంటే వేళ్లు చూడాలి కదా!

ఆ వేళ్లను చూడ్డానికి వాళ్లు పెట్టుకున్న కొలతలు అయిదు వైపులవి. డబ్బు, వాడుకదారులు, పనిచేసే తీరు, కొత్తదనం, వీటన్నిటి మధ్యలో మనుషులు. శిక్షణకు ఎంత ఖర్చుపెట్టారు, ఎంతమంది మానేసి వెళ్లారు, వాడుకదారులు తృప్తిగా ఉన్నారా... ఇలాంటివి. ఎడ్విన్‌సన్ ఇంకొకరితో కలిసి 1997లో రాసిన పుస్తకంలోని కొలతల జాబితాలో 'మహిళా మేనేజర్లు ఎందరు' అన్నదీ ఒకటి ఉంది. మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతే!

పదివేలతో మొదలైన కథ

మన దేశంలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ప్రభుత్వరంగ సంస్థ బి.హెచ్.ఇ.ఎల్. 1970ల్లోనే తన ఉద్యోగుల విలువను లెక్కగట్టి చూపింది. దీన్ని జనం నోళ్లలోకి తెచ్చింది మాత్రం ఇన్ఫోసిస్. 1981లో ఏడుగురు కలిసి ఆ కంపెనీ మొదలుపెట్టినప్పుడు నారాయణమూర్తి గారికి పెట్టుబడిగా దొరికింది ఇల్లాలు సుధామూర్తి గారు దాచుకున్న పదివేల రూపాయలే. ఫ్యాక్టరీ గొట్టాలు లేవు, గోదాముల్లేవు. ఉన్నదల్లా బుర్రలు. అందుకే 1990ల నుంచీ తన వార్షిక నివేదికల్లో ఉద్యోగుల విలువ ఇంత, బ్రాండు విలువ ఇంత అని వేరే పట్టీలు వేసి చూపించింది. ఉద్యోగుల చదువెంత, సగటు వయసెంత, పేరున్న ఖాతాదారుల నుంచి వచ్చే ఆదాయమెంత అన్న పట్టిక కూడా వేసేది. ఆ పట్టికకు నమూనా స్వీడన్‌కే చెందిన కార్ల్ ఎరిక్ స్వేబీ రూపొందించినది.

ఉద్యోగుల విలువ ఎలా కడతారంటారా? 1971లో లెవ్, ష్వార్ట్జ్ అనే ఇద్దరు ఒక సూత్రం చెప్పారు. ఒక ఉద్యోగి రిటైరయ్యేదాకా ఎంత సంపాదించగలదో అంచనా వేసి, రేపటి రూపాయి ఇవాళ్టి రూపాయి కంటే తక్కువ కాబట్టి ఆ మేరకు తగ్గించి, ఈనాటి విలువ కడతారు. ఇందులో ఒక చిక్కుంది. జీతం తక్కువిస్తే మనిషి విలువా తక్కువే అని తేలుతుంది. మన పచ్చళ్ల పెద్దావిడను ఈ సూత్రంలో పెడితే ఏమొస్తుంది? ఆవిడ జీతం నెలకు ఏడువేలు. ఆవిడ లేకపోతే ఒక్క దెబ్బకు నూట ఇరవై కిలోలు పోయాయి!

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి. ఈ పట్టీలన్నీ అనుబంధాలుగా వేసుకోవలసిందే గానీ, అసలు ఆస్తి అప్పుల పట్టీలో కలపడానికి నియమాలు ఒప్పుకోవు. మన దేశపు లెక్కల ప్రమాణాల ప్రకారం ఆస్తి అంటే మన అదుపులో ఉండాలి. గ్రైండరు మనది, ఎక్కడికీ పోదు. మనిషి రేపు మానేయొచ్చు. సొంతంగా పెంచుకున్న మంచిపేరును కూడా ఆస్తిగా చూపకూడదు. ఎవరి దగ్గర్నుంచైనా డబ్బిచ్చి కొనుక్కుంటేనే చూపాలి. మనిషి గ్రైండరు కాదు కాబట్టి ఈ నియమం న్యాయమైనదే. కాకపోతే దానివల్ల అసలు విలువంతా పుస్తకం బయటే ఉండిపోతుంది. అమెరికాలోని అయిదొందల పెద్ద కంపెనీల మార్కెట్ విలువలో ఇలాంటి కంటికి కనపడని ఆస్తుల వాటా 1975లో 17 శాతమైతే, 2020 నాటికి 90 శాతానికి చేరిందని ఓషన్ టోమో అనే సంస్థ లెక్కతేల్చింది.

చెప్పుకుంటే ఏమొస్తుంది?

'మన గొప్ప మనం చెప్పుకోడమేంటి?' అని చాలామందికి మొహమాటం. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు. అప్పిచ్చేవాడికి కనపడనిది భయం పుట్టిస్తుంది. భయముంటే వడ్డీ పెంచుతాడు, లేదా హామీ అడుగుతాడు. సరుకు కొనే పెద్ద షాపువాడికి, ఈవిడ వచ్చే ఏడు కూడా ఇదే రుచి ఇస్తుందా అన్న అనుమానం ఉంటుంది. పనిలో చేరే అమ్మాయికి, ఇక్కడ నాకు ఏమైనా నేర్పుతారా అన్న ప్రశ్న ఉంటుంది. ఈ ముగ్గురికీ నమ్మకం కలిగేలా నాలుగు నిజాలు కాగితం మీద పెట్టగలిగిన సంస్థకే పోటీలో పైచేయి.

ఏది చెప్పాలి... ఏది దాచాలి?

అలాగని ఉన్నదంతా కుమ్మరించమని కాదు. పచ్చడి సీసా మీది లేబులే చూడండి. ఏయే దినుసులున్నాయో, బరువులో ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలని చట్టం చెబుతోంది. ఎంతెంత, ఎలా, ఎప్పుడు అన్నది సాధారణంగా రాయక్కర్లేదు. ఏముందో చెప్పడం కొనేవారి హక్కు. ఎలా చేశామో దాచుకోవడం మన హక్కు. ఈ గీత ఎక్కడ గీయాలో తెలుసుకోవడమే కిటుకంతా!

కోకాకోలా వాళ్ల సంగతి చాలామందికి తెలిసిందే. 1977లో మన ప్రభుత్వం విదేశీ వాటా తగ్గించుకోవాలి, తయారీ పరిజ్ఞానం ఇక్కడి కంపెనీకి ఇవ్వాలి అంటే దేశమే వదిలి వెళ్లారు గానీ పాళ్లు చెప్పలేదు. మళ్లీ 1993లోనే వచ్చారు. అదే కంపెనీని 1919లో కొత్త యజమానులు కొన్నప్పుడు, అప్పుకు హామీగా ఆ పాళ్లు రాసిన కాగితాన్నే న్యూయార్కు బ్యాంకులో పెట్టారని కంపెనీవారే చెబుతారు. అప్పు తీర్చి 1925లో వెనక్కు తెచ్చుకున్నారట. గ్రైండర్లు కావు, కాగితం హామీ! రాసి ఉంది కాబట్టి అప్పు పుట్టింది. గుప్పెళ్లూ చారెడులూ అయితే ఏ బ్యాంకు లాకరులో పెడతారు?

రాయకపోతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. దెబ్బ తగిలితే పసుపు అద్దడం మన ఇళ్లల్లో ఎవరు నేర్పారు? అమ్మమ్మలే కదా. 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి గాయాలు మానడానికి పసుపు వాడకం మీద పేటెంటు ఇచ్చేశారు. మన సి.ఎస్.ఐ.ఆర్. దాన్ని సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఎలా? 'మా అమ్మమ్మ చెప్పింది' అంటే అక్కడ చెల్లదు. పాత సంస్కృత గ్రంథాలు, 1953లో ఒక భారతీయ వైద్యపత్రికలో అచ్చయిన వ్యాసం లాంటి రాతపూర్వక రుజువులు చూపించాల్సి వచ్చింది. ఆ అనుభవం తర్వాతే 2001 నుంచి మన సంప్రదాయ వైద్య పరిజ్ఞానాన్నంతా ఒక డిజిటల్ గ్రంథాలయంలో నమోదు చేయడం మొదలుపెట్టారు. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నదీ ఇలాంటి జాగ్రత్తతోనే. నేర్పు అందరిదైనప్పుడు దాన్ని బహిరంగంగా రాయించుకోవడమే రక్ష.

చెప్పింది నిజమై ఉండాలి

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. అందమైన నివేదిక వేసినంత మాత్రాన సంస్థ మంచిదైపోదు. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు 2008లో మంచి పాలనకు అంతర్జాతీయ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న దాని చైర్మన్ తానే ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని! అవార్డు వెనక్కు తీసుకున్నారు. మన ఇళ్లల్లో ఎందరి పిల్లలు ఆ నెలంతా నిద్రలేకుండా గడిపారో మనకు తెలుసు.

ఒక్క విషయం గమనించండి. గట్టి ఆస్తి అనుకున్న నగదు లేదు. కంటికి కనపడదనుకున్న ఆస్తి, అంటే ఆ వేలమంది ఇంజినీర్ల నేర్పు, వాళ్లను నమ్మిన ఖాతాదారులు మాత్రం నిజం. అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని దక్కించుకున్నది ముఖ్యంగా వాళ్లను చూసే.

స్వీడన్‌లోని స్కాండియా కూడా 2003లో పై అధికారుల బోనస్‌ల గొడవలో పేరు పోగొట్టుకుంది. వేళ్ల గురించి చెప్పినవాళ్ల చెట్టుకే చెద పట్టిందన్నమాట! అందుకని ఎవరి నివేదిక చూసినా, పొగడ్తలు పక్కనపెట్టి అంకెలు చూడాలి. వరసగా మూడేళ్ల అంకెలు చూడాలి.

మన అమ్మాయిలు చూడాల్సిన పేజీలు

ఈ అంకెలు ఇప్పుడు మనకు అందుబాటులోనే ఉన్నాయి. సెబీ ఆదేశం ప్రకారం 2022-23 నుంచి మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 'వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక' ఒకటి తప్పనిసరిగా ఇవ్వాలి. వార్షిక నివేదికలోనే ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో ఏముంటాయో చూడండి. మూడేళ్లలో ఎంతమంది మానేశారు, అందులో ఆడవాళ్లెందరు? ఆడ, మగ ఉద్యోగుల మధ్యస్థ జీతమెంత? ప్రసూతి సెలవుకు వెళ్లినవాళ్లలో తిరిగి చేరినవాళ్లెందరు, ఆ తర్వాత నిలిచినవాళ్లెందరు? లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని తేల్చారు?

మీ అమ్మాయికి రెండు ఉద్యోగాలు చేతిలో ఉంటే జీతంతో పాటు ఈ పేజీలు కూడా పక్కపక్కన పెట్టి చూడమనండి. ప్రసూతి సెలవు తర్వాత మనుషులు నిలవని చోట, ఎంత పెద్ద అద్దాల మేడ ఉన్నా ఏదో తేడా ఉన్నట్టే. మంచి పిల్లలు ఇలా చూసి ఎంచుకోవడం మొదలుపెడితే, కంపెనీలు తమంతట తామే సర్దుకుంటాయి. పోటీ అంటే అదే మరి!

ఒక్క పేజీ చాలు

చిన్న వ్యాపారానికి ఇంత హంగామా అక్కర్లేదు. పచ్చళ్ల ఆవిడకు నేను తయారుచేసిచ్చింది ఒక్క పేజీ. అందులో రాసినవి ఇవీ...

పనిచేసేవాళ్లెందరు, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఎవరికి ఏ పని వచ్చు.
ఒక్కో పనికి కనీసం ఇద్దరు తెలిసినవాళ్లున్నారా?
ఏటా మళ్లీ కొనే ఇళ్లెన్ని, వరసగా మూడేళ్ల అంకె.
తిప్పి పంపిన సరుకెంత, ఎందుకు? గోంగూర సంగతి కూడా రాశాం. దాచలేదు.
కొలతలన్నీ గ్రాముల్లో రాసిపెట్టారా? రాసింది ఎక్కడుంది, ఎవరు చూడొచ్చు?
వ్యాపారపు పేరు ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు అయిందా? పదేళ్లకోసారి కొత్తచేయించుకుంటే అది ఎప్పటికీ మనదే.

పాళ్లు మాత్రం ఆ పేజీలో లేవు. 'రాసి ఉన్నాయి' అని మాత్రమే ఉంది.

ఆ పాళ్లు రాయడానికి ఆవిడా నేనూ హైదరాబాదు వెళ్లి పెద్దావిడ దగ్గర రెండ్రోజులు కూర్చున్నాం. ఆవిడ గుప్పెళ్లను కాటా మీద తూచాం. "నా చెయ్యి మీకు రాసిచ్చేస్తే నాకేం మిగుల్తుందమ్మా?" అన్నారు ఆవిడ నవ్వుతూనే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మేధో మూలధనం గురించి ఎన్ని పేజీలు రాసినా దండగే. ఒకరి నేర్పును సంస్థ అరలోకి తీసుకున్నప్పుడు, దాని ఫలం వాళ్లకీ అందాలి. ఆవిడ పేరుతో గోంగూరకు కిలోకి ఇంత అని ఏటా పంపేలా కాగితం రాసుకున్నారు. లిజ్జత్ పాపడ్ వాళ్లు ఈ న్యాయాన్ని మొదట్లోనే పట్టుకున్నారు. 1959లో ముంబయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టారు. పిండి కేంద్రంలో ఒకే పద్ధతిలో కలుపుతారు, ఇళ్లకు తీసుకెళ్లి వత్తుతారు. రుచి సంస్థ చేతిలో ఉంది, సంస్థ వత్తేవాళ్ల చేతిలో ఉంది. అందరూ యజమానులే. అందుకే వాళ్ల నేర్పు గడప దాటి పోదు.

ఆ ఒక్క పేజీతో బ్యాంకు పదిహేను లక్షలు ఇచ్చేయలేదు లెండి. హామీ అక్కర్లేని ముద్ర పథకం కింద అప్పట్లో ఉన్న పది లక్షల పరిమితిలో ఎనిమిది లక్షలు వచ్చాయి. ముద్రలో పది లక్షల దాకా ఇచ్చే తరగతి అప్పు తీసుకుని సరిగ్గా తీర్చినవాళ్లకు ఇరవై లక్షల దాకా ఇవ్వాలని 2024లో నిర్ణయించారు. అసలు లాభం ఇంకోచోట వచ్చింది. అదే పేజీ చూసి హైదరాబాదులో ఒక షాపు వాళ్లు ఏడాది ఆర్డరు ఇచ్చారు. 'బూజు పట్టిందని రాసిన మొదటి మనిషి మీరే' అన్నారట!

మీరు కుట్టుమిషను నడిపినా, ట్యూషన్లు చెప్పినా, నలుగురితో కలిసి సంఘంగా ఏదైనా అమ్మినా, ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మనుషులు, పద్ధతులు, నమ్మకం. ఒక్కోదాంట్లో మీకున్నదేంటో రాయండి. ఏ గడి ఖాళీగా కనపడితే అక్కడ పని మొదలుపెట్టండి. రేపు ఎవరైనా 'మీకేం ఆస్తులున్నాయమ్మా?' అని అడిగితే 'ఏమీ లేవండీ' అనకండి. ఆ కాగితం తీసి బల్లమీద పెట్టండి.